ఫాదర్ బ్రౌన్ (1954): దొంగ మనసు కోసం వెతికే డిటెక్టివ్

రాత్రివేళ తెరిచి ఉన్న ఇనప్పెట్టె ముందు, చేతిలో డబ్బుతో, ఒక క్యాథలిక్ ఫాదర్ పోలీసులకు దొరికిపోతాడు. తన విచారణకు (చర్చి పరిధికి) చెందిన ఒకడు కాజేసిన సొమ్మును యథాస్థానంలో పెట్టి, అతణ్ణి జైలు నుంచి తప్పించాలని వచ్చినవాడు తానే స్టేషనుకు వెళ్లవలసి వస్తుంది. రాబర్ట్ హామర్ దర్శకత్వం వహించిన ఈ నలుపు తెలుపుల చిత్రం ఎటువైపు నడవబోతోందో ఆ ఒక్క సన్నివేశంలోనే తెలిసిపోతుంది.

జి.కె. చెస్టర్టన్ 1910లో రాసిన ‘ది బ్లూ క్రాస్’ కథ దీనికి ఆధారం. పునీత అగస్టీను శిలువను కాపాడుతూ తీసుకువెళ్లే ఫాదర్ బ్రౌన్‌గా అలెక్ గిన్నెస్, దానిపై కన్నేసిన మారువేషాల దొంగ ఫ్లాంబోగా పీటర్ ఫించ్ నటించారు. ఫాదర్‌కు శిలువ ఎంత ముఖ్యమో, దాన్ని ఎత్తుకుపోయేవాడి ఆత్మ అంతకంటే ముఖ్యం. అందుకే ఆయన ఒకవైపు దొంగను వెంటాడుతూనే మరోవైపు అతణ్ణి పోలీసులకు చిక్కనీయడు. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు వెళ్లే మన విజయవాడవారికి, బారులు తీరిన భక్తుల పాపసంకీర్తనాలను (చేసిన తప్పుల ఒప్పుకోళ్లను) ఓపికగా వినే గురువులు కొత్త కాదు. ఏళ్ల తరబడి అలా మనుషుల తప్పులు వినడం వల్లనే దొంగ ఆలోచన ఈయనకు ఇట్టే అందుతుందన్నది ఎంతో నమ్మదగిన ఊహ.

1949లో హామర్ చిత్రంలోనే ఎనిమిది పాత్రలు పోషించిన గిన్నెస్ ఇక్కడ ఒక్క పాత్రలో ఒదిగిపోయాడు. కళ్లద్దాల వెనుక అమాయకంగా చూసే ఆ చూపులో ఎంత తెలివి దాగి ఉందో ఎదుటివాడికి ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్రాన్సులో షూటింగ్ జరుగుతున్నప్పుడు, ఆ వేషంలో ఉన్న ఆయనను నిజమైన ఫాదర్ అనుకుని ఒక పసివాడు చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ నడిచాడట. 1956లో గిన్నెస్ క్యాథలిక్ మతం స్వీకరించడానికి దోహదం చేసిన అనుభవాల్లో అదీ ఒకటని ఆయనే రాసుకున్నాడు.

పారిస్ భూగర్భ సమాధుల్లో ఇద్దరూ ఎదురుపడే ఘట్టం చిత్రానికి ప్రాణం. ఆ తరువాత కథనం కొంత నెమ్మదిస్తుంది, ఫ్లాంబోలో వచ్చే మార్పుకు ఇంకాస్త సమయం ఇవ్వవలసింది. నటి జోన్ గ్రీన్‌వుడ్ పాత్రకూ తగినంత పని లేదు.

హాస్యం చాలావరకు మాటల్లోనే ఉంది. నేను కొన్న డిస్కులో సబ్‌టైటిళ్లు లేకపోవడంతో కొన్ని సంభాషణలను వెనక్కి తిప్పి వినవలసి వచ్చింది కాబట్టి, బ్రిటిష్ ఉచ్చారణ అలవాటు లేనివారు సబ్‌టైటిళ్లు ఉన్న ప్రతినే ఎంచుకోవడం మంచిది. రక్తపాతం చూపించకుండా సాగే ఈ గంటన్నర చిత్రాన్ని పిల్లలతో కలిసి నిశ్చింతగా చూడవచ్చు.