జమా ఖర్చుల పుస్తకంలో విక్కా డైరీ: కొన్నేళ్ళు వాడాక

ఈ పుస్తకంలో నేను మనసు పారేసుకున్నది ఒక్కదానికే: కుడి పేజీకి. నెల్లూరు ట్రంకు రోడ్డు స్టేషనరీ కొట్లలో దొరికే ఎర్ర గుడ్డ అట్ట పొడుగు పుస్తకం ఇది. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. లెక్కలు రాసే ఇళ్ళలో అందరికీ తెలిసిందే కాబట్టి సైజు, ధర వదిలేస్తున్నా.

నేను దీన్ని విక్కా సాధనకి వాడుతున్నాను. ప్రకృతిని కొలుస్తూ, కోరికలకి చిన్న చిన్న తంతులు చేసుకునే పాశ్చాత్య మతం అది. ఎడమ పక్క చేసింది రాస్తాను: వారం, తిథి, ఏ రంగు కొవ్వొత్తి, ఏ ఆకు, ఏం కోరుకున్నాను. కుడి పక్క ఖాళీగా వదిలేస్తాను. తర్వాతి పౌర్ణమికి వెనక్కి తిరగేసి, ఏమైందో అక్కడ రాస్తాను. అంతే.

అంతకుముందు చంద్రకళలు అచ్చేసిన ఫారిన్ డైరీ ఒకటి వాడాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కానీ టైములన్నీ లండన్‌వి. డిసెంబరులో అక్కడ రాత్రి 8కి పౌర్ణమి ఘడియ అని ఉంటే, మనకి అర్ధరాత్రి దాటి 1.30, తేదీ కూడా మారిపోతుంది. ఆగస్టు 1న లామాస్, తొలి కోత పండగ అని బొమ్మతో సహా వేసేవాళ్ళు. మా వైపు పెద్ద పంట కోతలు మార్చిలో. ఈ పుస్తకంలో ఏ పండగా అచ్చువేసి లేదు కాబట్టి మార్చిలోనే కొత్త బియ్యం పెట్టి దండం పెట్టుకుంటాను, అడిగేవాళ్ళు లేరు. విక్కాని ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చిన గెరాల్డ్ గార్డ్‌నర్ సంప్రదాయంలో అయితే గురువు దగ్గరున్న బుక్ ఆఫ్ షాడోస్ (పూజా విధులు రాసుకునే పుస్తకం) చూసి చేత్తో నకలు రాసుకోవాలి. నాలా గురువూ బృందమూ లేకుండా ఒంటరిగా చేసేవాళ్ళకి ఆ షరతు లేదు. విధులు వేరే ఫైల్లో ఉన్నాయి, ఇది దినచర్యకి మాత్రమే.

ఇక అనుకోని లాభం. దీన్ని నేను దాచలేదు, బీరువాలో చీటీల పుస్తకాల పక్కనే పెట్టాను. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన వార్తలు ఇప్పటికీ పేపర్లో చూస్తూనే ఉన్నాం, నక్షత్రం బొమ్మ అట్ట మీదున్న నోటుబుక్కు ఉమ్మడి ఇంట్లో పెట్టుకోలేను. దీన్ని మాత్రం ఎవరూ తిరిగి కూడా చూడలేదు. ఒక చీటీ రోజు మా అత్త ఒక పుస్తకం అనుకుని ఇంకోటి తీసింది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, "ఏంది అమ్మాయ్, శుక్రవారం పచ్చ కొవ్వొత్తి ఇంకా రాలేదని రాసుండావు? ఎవురు కట్టాల?" అంది. నాకు టెన్షన్‌తో నవ్వొచ్చింది. మొక్కుల లెక్క అత్తా అన్నాను. అబద్ధమేం కాదు.

"అట్నా" అని కూర్చుని తన లెక్క మొదలుపెట్టింది. మొహర్రం అప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ కదా. స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి, కోరిక ఉన్నవాళ్ళు, అదే కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుంటారు. తీరితే మరుసటేడు తామే ఆ రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మామయ్య కోసం పట్టిన ఆరోగ్య రొట్టె ఏడాది తర్వాత తిరిగి ఇచ్చేదాకా ఆమెకి నిద్ర పట్టలేదట. జమా ఖర్చు అంటే ఇదే కదా! అప్పటికప్పుడు మా మరిది పేరు మీద ఉద్యోగ రొట్టె రాయించింది. కుడి పక్క ఖాళీ పెట్టమని నేను చెప్పక ముందే ఆమే చెప్పింది. మొహర్రం ఏటా ఇంచుమించు 11 రోజులు ముందే వస్తుంది, తేదీలు అచ్చేసిన డైరీలో దీనికి చోటెక్కడ? ఉద్యోగం వచ్చింది, కృష్ణపట్నం వైపు. జీతం ఎంతో మాత్రం ఆమె రాయనివ్వలేదు.

కుడి పేజీని ఇంత పొగిడాను గానీ అదే కొన్నిసార్లు పీడిస్తుంది. ఏమీ కోరకుండా మిద్దె మీద వెన్నెల్లో ఊరికే కూర్చున్న రాత్రులు ఉంటాయి. వాటికి ఫలితం ఏం రాస్తాం? ఖాళీగా ఉంటే బాకీలా కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ అడ్డగీత కొట్టేస్తున్నా. ఉద్యోగం, ఆరోగ్యం లాంటివి ఒక పౌర్ణమికి తేలవు, పాత పేజీలు వెతుక్కోవాలి. చివర్లో పేజీ నంబర్లతో పట్టిక వేసుకోకపోతే కష్టం.

కాగితం మంచిదని నేనే ఇద్దరు స్నేహితురాళ్ళకి చెప్పాను, అది ఎండాకాలం మాట. నవంబరు ముసురుకి జెల్ పెన్ను రాత ఎదురు పేజీకి అంటుకుంది, పౌర్ణమి పేజీలు కొన్ని చదవలేం. రక్షణకని పక్కన పెట్టిన రాళ్ళుప్పు మూట నీరు కారి అట్ట ఉబ్బింది. బాల్‌పెన్ను రాత చెక్కుచెదరలేదు. ఎండు ఆకులు అతికిస్తే కుట్టు వదులవుతుంది, వాటికి కవర్ల ఫైలు విడిగా ఉండాల్సిందే.

సొంత గది, తాళం వేసుకునే అర ఉన్నవాళ్ళకి, బొమ్మలు వేసే అలవాటున్న వాళ్ళకి గీతల్లేని మామూలు పుస్తకమే హాయి. చీటీలు నడిచే ఇల్లు, అడిగే అత్త ఉన్న నాకు ఇదే కుదిరింది. రెండోది కొనేశాను. దాంట్లో మొదటి పద్దు మాత్రం అత్తది, రాబోయే మొహర్రానికి ఇవ్వాల్సిన రొట్టె.