డీ7200 నుంచి డీ750కి: పాత లెన్సులతో ఫుల్ ఫ్రేమ్

నా దగ్గర చిన్న సెన్సర్ (క్రాప్ సెన్సర్) ఉన్న నికాన్ డీ7200 కెమెరా, దానితోపాటు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా పోగైన ఐదు లెన్సులు ఉండేవి. వాటిని వదులుకోకుండా ఫుల్ ఫ్రేమ్‌కు, అంటే పాత ఫిల్మ్ ముక్కంత పెద్ద సెన్సర్‌కు, వెళ్లాలనే అదే మౌంట్ (లెన్సు తగిలించే పట్టు) ఉన్న డీ750ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కొన్నేళ్లుగా ఈ రెండు బాడీలూ నా సంచిలో కలిసే తిరుగుతున్నాయి. రవీంద్రభారతిలో నాట్య ప్రదర్శనలు, ఆషాఢంలో పాతబస్తీ బోనాలు, చలికాలం పొద్దున అమీన్‌పూర్ చెరువు. నేను తీసేవి ఎక్కువగా ఇవే కాబట్టి నా అభిప్రాయాలన్నీ ఈ పనుల్లోంచి వచ్చినవే.

"ఉన్న లెన్సులు పనికొస్తాయా?" అని అందరూ అడుగుతారు. ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఒక్కో లెన్సుదీ ఒక్కో కథ.

అన్నిటికంటే ఎక్కువ లాభపడింది 50 మి.మీ. ఎఫ్/1.8డీ. లెన్సులో మోటారు ఉండదు, బాడీలోని మోటారే దాన్ని తిప్పి ఫోకస్ చేస్తుంది. చుట్టూ అపర్చర్ రింగు ఉన్న పాత తరం లెన్స్. బరువు నూటయాభై గ్రాములు దాటి ఏ కొంచెమో. డీ7200 మీద అది 75 మి.మీ. లెన్సు చూపించినంతే చూపించేది. లాడ్ బజార్లో గాజుల దుకాణం ముందు నిలబడితే వెనక్కి జరగడానికి చోటుండదు. ముఖం వస్తే గాజులు రావు, గాజులు వస్తే చేతులు తెగిపోతాయి. అదే లెన్సును డీ750కి తగిలించి, అదే చోట నిలబడి చూస్తే దుకాణదారు, ఆయన వెనక అలమరలో వరుసలు, బేరమాడుతున్న ఆవిడ చెయ్యి, అన్నీ ఒకే ఫ్రేములోకి వచ్చేశాయి. వ్యూఫైండర్ కూడా బాగా పెద్దది. కళ్లద్దాలు పెట్టుకుని చూసే నాకు ఆ తేడా ప్రతి ఫొటోకీ తెలుస్తుంది. లెన్సు పూర్తిగా తెరుచుకునే ఎఫ్/1.8 దగ్గర అంచులు మెత్తగా, కొద్దిగా నల్లగా వస్తాయి. క్రాప్ సెన్సర్ ఇన్నాళ్లూ ఆ అంచుల్ని కోసేసి మధ్య భాగమే వాడుకుంది కాబట్టి ఆ లోపం కనిపించలేదు. తెరుపు తగ్గించి ఎఫ్/2.8కి దించితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇదే లెన్సుతో ఇంకో చిక్కుంది. డీ7200లో షట్టర్ 1/8000 సెకను దాకా వెళ్తుంది, డీ750లో 1/4000 దగ్గరే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం లాల్ దర్వాజ బోనాల ఊరేగింపులో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 పెట్టినా ఎఫ్/1.8తో తీయడం కుదరదు, తెల్ల చొక్కాలు ఫొటోలో వివరమే లేకుండా తెల్లగా వెలిసిపోతాయి. ఎఫ్/2.8కి దించాలి, లేదా వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టాలి. ఎండ కాసే మన ఊళ్లో ఇది నిజంగా అడ్డొచ్చే విషయం.

ఇక వెలుతురు తక్కువ ఉన్నచోటి సంగతి. ఫుల్ ఫ్రేమ్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే గనుక కాస్త వివరంగా చెబుతాను. ఈ సెన్సర్ వైశాల్యం క్రాప్ సెన్సర్ కంటే దాదాపు 2.3 రెట్లు. లెక్క ప్రకారం ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) పైన కొంచెం లాభం రావాలి. వస్తుంది కూడా, కానీ ఆ పెద్ద సెన్సర్‌ను మీ విషయంతో నింపగలిగినప్పుడే. రవీంద్రభారతిలో నేను కూర్చునే చోటి నుంచి నర్తకి నిలువెత్తు రూపం డీ7200 మీద 70-300 జూమ్‌తో 200 మి.మీ. దగ్గర సరిపోయేది. డీ750 మీద అదే ఫ్రేముకు 300 దాకా తిప్పాలి. జూమ్‌లో ఇంకా చోటుంది కాబట్టి తిప్పగలను, సెన్సర్ నిండుతుంది, లాభం పూర్తిగా దక్కుతుంది. జతి వేగంగా సాగేటప్పుడు 1/500 కావాలి, ఎఫ్/5.6కి మించి ఆ లెన్స్ తెరుచుకోదు, వేదిక మీదికి ఫ్లాష్ వేయడం నర్తకికి మర్యాద కాదు. ఐఎస్‌ఓ పెంచడమొక్కటే దారి. డీ7200లో 3200 దాటితే పట్టుచీర అంచులో జరీ మెరుపు ఇసుక చల్లినట్టయ్యేది. డీ750లో 6400 దగ్గర కూడా జరీ జరీలాగే ఉంటుంది, నీడలో ఉన్న ముఖాన్ని తర్వాత కంప్యూటర్లో కొంచెం లేపినా రంగు చెదరదు. ఈ ఒక్క పనికోసమే కొన్నా నాకు సంతోషమే.

అదే 70-300ను అమీన్‌పూర్ తీసుకెళ్తే లెక్క తిరగబడుతుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన చెరువు అది. ఫ్లెమింగోలు వచ్చిన పొద్దున గట్టు మీద కెమెరాలే కెమెరాలు. అక్కడ నేను జూమ్‌ను ముందే 300 చివరికి తిప్పేసి ఉంటాను. ఇక తిప్పడానికేమీ లేదు, నీళ్లలోకి దిగి దగ్గరికి వెళ్లలేను. లకుముకి పిట్ట బొమ్మ ఏ సెన్సర్ మీదైనా అన్నే మిల్లీమీటర్లు పడుతుంది. డీ7200 ఆ మధ్య భాగానికి 24 మెగాపిక్సెళ్లు పెడుతుంది, డీ750 దాదాపు 10 మాత్రమే పెడుతుంది. కోసి పెద్దది చేశాక నాయిజ్‌లోనూ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కల్లోనూ) చెప్పుకోదగ్గ తేడా మిగలదు, ఈకల వివరం మాత్రం పాత బాడీలోనే ఎక్కువ. పైగా రెండింటికీ 51 ఫోకస్ పాయింట్లే అయినా డీ7200లో అవి ఫ్రేము వెడల్పంతా పరుచుకుని ఉంటాయి, డీ750లో మధ్యలో గుమిగూడి ఉంటాయి. ఎగిరే కొంగను అంచున పట్టుకోవాలంటే ఇది పెద్ద తేడా.

చెరువు దగ్గర కలిసే తమ్ముడొకడు అడిగాడు: "ఫుల్ ఫ్రేమ్ తీసుకున్నవ్ గదా అన్నా, ఇంకా ఆ పాతది ఎందుకు మోస్తున్నవ్?" కెమెరా వాడి చేతికిచ్చి, రెండు బాడీలతో ఒకే కొమ్మ మీది పిట్టను తీయించాను. ఇంటికెళ్లి చూసుకుని రాత్రి ఫోన్ చేశాడు: "అన్నా, నీ డీ7200 అమ్మితే నాకే చెప్పు." అమ్మే ఉద్దేశం లేదు.

మిగిలినవి మూడూ క్రాప్ సెన్సర్ కోసం చేసిన డీఎక్స్ లెన్సులు. 18-140 పెడితే బాడీ తనంతట తానే డీఎక్స్ మోడ్‌లోకి మారి 10 మెగాపిక్సెళ్ల బొమ్మ ఇస్తుంది. అంతకంటే పాత కెమెరానే నయం. ఆ లెన్సు అమ్మేశాను.

35 మి.మీ. ఎఫ్/1.8జీ మాత్రం ఆశ్చర్యపరిచింది. మెనూలో ఆటో డీఎక్స్ క్రాప్ ఆపేస్తే అది ఫ్రేమును దాదాపు నింపుతుంది, నాలుగు మూలలూ నల్లబడతాయంతే. డీ750లో 1.2 రెట్ల క్రాప్ అని ఒక మధ్యస్థ ఏర్పాటు ఉంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. అది పెడితే ఆ మూలలు చాలావరకు పోతాయి, చేతికి 16 మెగాపిక్సెళ్లకు పైగానే దక్కుతాయి. ఇంట్లో పుట్టినరోజులకూ, ఇరానీ హోటల్లో స్నేహితుల ఫొటోలకూ ఇప్పటికీ అదే వాడుతున్నాను.

టోకినా 11-16 ఎఫ్/2.8 సంగతి మరీ బాగుంది. 11 నుంచి 14 దాకా చుట్టూ నల్లటి వలయం వస్తుంది. 15 దాటాక అది కరుగుతుంది, 16 దగ్గర ఫ్రేమంతా నిండుతుంది. డీ7200 మీద 11 దగ్గర చూపినంత విశాలాన్ని ఇక్కడ 16 దగ్గరే చూపిస్తుంది కాబట్టి నేను కోల్పోయింది జూమ్ మాత్రమే. చౌమహల్లా ప్యాలెస్ ఖిల్వత్ దర్బారులో 19 షాండిలియర్లనూ, పాలరాతి వేదికనూ కలిపి తీయడానికి అదే లెన్స్ వాడాను. మూలల్లో పదును రావాలంటే ఎఫ్/8 దాకా దించాల్సిందే.

బ్యాటరీ, చార్జర్, ఎస్‌డీ కార్డులు, ఫ్లాష్ అన్నీ పాతవే సరిపోయాయి. రెండూ 24 మెగాపిక్సెళ్లే కాబట్టి కంప్యూటర్ మీదా భారం పెరగలేదు.

లోపల అద్దం లేని కొత్త తరం కెమెరా, మిర్రర్‌లెస్, ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీకి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే పాత లెన్సులు తగులుతాయి. కానీ ఆ అడాప్టర్లో ఫోకస్ మోటారు లేదు. నా 50 మి.మీ. ఎఫ్/1.8డీ, మొదటి తరం టోకినా రెండూ చేత్తో తిప్పుకునే లెన్సులైపోతాయి. మీవన్నీ లోపలే మోటారు ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులైతే ఈ బాధ లేదు, నిశ్చింతగా అటే వెళ్లవచ్చు. నావిలాంటి అద్దం ఉన్న కెమెరాల్లోనే, అంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లోనే ఉంటూ కొంచెం కొత్తది కావాలంటే 2020లో వచ్చిన డీ780 ఉంది, అందులో 1/8000 షట్టర్ కూడా ఉంది, బాడీలో ఫ్లాష్ మాత్రం లేదు. కెనాన్ వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. క్రాప్ సెన్సర్ కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు వాళ్ల ఫుల్ ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు అసలు తగలవు. మిర్రర్‌లెస్ అయిన ఆర్ సిరీస్ ఫుల్ ఫ్రేమ్ బాడీకి అడాప్టర్‌తో తగులుతాయి కానీ 1.6 రెట్లు క్రాప్ అవుతాయి.

డీ750 ఇప్పుడు వాడినదే దొరుకుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో చూసినా, ఎవరి ఇంట్లో చూసినా ట్రైపాడ్ రంధ్రంలోకి ఒకసారి చూడండి. తొలి బ్యాచ్‌లలో వచ్చిన ఫ్లేర్ (బలమైన వెలుతురు ఫొటోలో చారలా పడడం) సమస్యకు సర్వీస్ చేసిన బాడీలకు అక్కడ నల్ల చుక్క ఉంటుంది. షట్టర్‌కు కూడా 2015లో ఒక సర్వీస్ ప్రకటన వచ్చింది, సీరియల్ నంబర్‌తో సరిచూసుకోవాలి. షట్టర్ కౌంట్ అడగండి, 1,50,000 క్లిక్కులకు పరీక్షించిన షట్టర్ అది. వెళ్లేముందు ఇంట్లో ఉన్న లెన్సుల్లోకి టార్చ్ వేసి ఫంగస్ ఉందేమో చూడండి. మన వానాకాలం గడిచాక బీరువాలో మూలబడిన లెన్సుకు బూజు పట్టడం మామూలే. అలాంటి లెన్సు కోసం ఏ మౌంట్‌కూ కట్టుబడి ఉండక్కర్లేదు.

ఖర్చు బాడీతో ఆగదని కూడా లెక్కలో వేసుకోండి. 18-140 పోయాక రోజూ తగిలించి తిరిగే లెన్సు లేకుండా పోయింది. దాన్ని అమ్మిన డబ్బుకు కొంత కలిపి వాడిన 24-85 వీఆర్ తీసుకున్నాను.

కొనాలా వద్దా అని ఊగుతున్నవాళ్లు గత రెండేళ్ల ఫొటోలను ఫోకల్ లెంగ్త్ వారీగా ఒకసారి వేరు చేసి చూడండి, లైట్‌రూమ్‌లో అయితే నిమిషాల పని. 18, 35, 50 దగ్గర ఎక్కువ ఉండి, సాయంత్రాలూ లోపలి గదులూ ఎక్కువైతే ఫుల్ ఫ్రేమ్ మీకు వెంటనే పనికొస్తుంది. సగానికి పైగా 300 దగ్గరే ఉంటే బాడీ మార్చకండి. ఆ డబ్బును 200-500 ఎఫ్/5.6 మీద పెట్టండి, అది మీ పాత కెమెరాకే తగులుతుంది, రేపు ఫుల్ ఫ్రేమ్‌కు వెళ్లినా వెంట వస్తుంది.