ఒకే సంచిలో రెండు పాత కెమెరాలు: నికాన్ డి40, కెనాన్ 1000డి

నా కెమెరా సంచిలో రెండు అరలున్నాయి. ఒకదాంట్లో నికాన్ డి40, రెండోదాంట్లో మొన్నమొన్నటి దాకా కెనాన్ 1000డి. మొదటిది 2008లో నేను కొనుక్కున్నది. రెండోది 2012లో మా అన్నయ్య ఇంకో పెద్ద కెమెరాకి మారుతూ, "మూల పడేసే బదులు నువ్వు వాడుకోరా" అని ఇచ్చింది. అప్పట్నుంచీ పోయిన నెల దాకా రెండిటినీ మార్చి మార్చి వాడాను. ఒకదాని లెన్సు రెండోదానికి పట్టదు కాబట్టి ఇలా రెండు కాపురాలు చెయ్యడం తెలివైన పని కాదని నాకూ తెలుసు. కానీ పక్కపక్కన పెట్టుకుని ఇన్నేళ్ళు వాడితే తప్ప బయటపడని సంగతులు కొన్ని బయటపడ్డాయి. పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల కెమెరా) ఒకటి పట్టుకుని ఫొటోలు నేర్చుకుందామనుకునేవాళ్ళు ఇప్పటికీ ఈ రెండిటి దగ్గర తచ్చాడుతుంటారు. ఇది వాళ్ళ కోసం.

ముందు కాగితం మీది లెక్క. డి40 2006 చివర్లో వచ్చింది. 6.1 మెగాపిక్సెల్ సీసీడీ రకం సెన్సార్ (వెలుగుని బొమ్మగా మార్చే చిప్పు), అడ్డంగా ఒకే వరసలో మూడే మూడు ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు). 1000డి 2008లో వచ్చింది. 10.1 మెగాపిక్సెల్ సీమాస్ అనే ఇంకో రకం సెన్సార్, ఏడు పాయింట్లు, వెనక తెర మీద చూసి తీసే లైవ్ వ్యూ. (దీన్నే అమెరికాలో రెబెల్ ఎక్స్‌ఎస్ అనీ, జపాన్‌లో కిస్ ఎఫ్ అనీ అమ్మారు. ఈ పేర్లు చూసి వేరే మోడల్ అనుకుని వదిలేసుకున్నవాళ్ళు నాకు తెలుసు.) ఆరుకీ పదికీ మధ్య తేడా వినడానికి పెద్దగా ఉంటుంది. డి40 ఫొటో 3008×2000 చుక్కలు, 1000డి ఫొటో 3888×2592. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే మొదటిది పది అంగుళాల వెడల్పు వస్తుంది, రెండోది దాదాపు పదమూడు. ఆల్బమ్‌కి, ఫోన్‌లో చూడ్డానికి ఏదైనా ఒకటే. దూరంగా కొమ్మ మీద కూర్చున్న పిట్టని తీసి చుట్టూ కత్తిరించుకోవాలంటే మాత్రం ఆ నాలుగు మెగాపిక్సెళ్ళు అక్కరకొస్తాయి. మెగాపిక్సెళ్ళ గురించి ఇంతకన్నా మాట్లాడాల్సింది లేదు.

అసలు తేడా నాకు 50 ఎంఎం లెన్సు దగ్గర తెలిసొచ్చింది.

డి40తో వచ్చిన 18-55 లెన్సుతో ఏడాది గడిపాక, ఎవరికైనా పుట్టే కోరికే నాకూ పుట్టింది: వెనకంతా మెత్తగా మసకేసి మొహం మాత్రం పదునుగా కనిపించే ఫొటో కావాలి. ఎఫ్/1.8 అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఉన్న, నికాన్ పాత "డి" రకం 50 ఎంఎం లెన్సు తెచ్చి తగిలించాను. ఫోకస్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లెన్సు పాడైందనుకున్నాను. పాడవలేదు. ఆ రకం లెన్సుల్లో మోటార్ ఉండదు. కెమెరా బాడీలో ఉన్న మోటార్ ఒక చిన్న స్క్రూ మొనతో లెన్సుని తిప్పాలి. డి40లో ఆ మోటారే లేదు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో మోటార్ తీసేసిన మొదటి బాడీ ఇదే. లెన్సు విప్పి మౌంటు (లెన్సు తగిలించే వలయం) అంచు చూడండి, ఆ స్క్రూ మొన కనబడదు. అంటే దీనికి లోపలే మోటార్ ఉండి ఏఎఫ్-ఎస్ అని రాసున్న లెన్సులు పెడితేనే ఆటోఫోకస్. మిగతావి చేత్తో తిప్పుకోవాల్సిందే.

చేత్తో తిప్పడం అంత కష్టమా అంటే, కదలని వస్తువుకి కాదు. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) ఎడమ మూల చిన్న పచ్చ చుక్క ఉంటుంది. ఫోకస్ కుదిరినప్పుడు అది నిలకడగా వెలుగుతుంది. ఆ చుక్కని నమ్ముకుని టేబుల్ మీది కళ్ళజోడునీ, కిటికీ దగ్గర పుస్తకాన్నీ ఎన్నో తీశాను. అన్నయ్య కూతురికి అప్పుడు మూడేళ్ళు. దాన్ని తియ్యబోతే కథ అడ్డం తిరిగింది. నేను రింగు తిప్పుతాను, చుక్క వెలుగుతుంది, నొక్కేలోగా పిల్ల అరడుగు ముందుకొచ్చేస్తుంది. మళ్ళీ తిప్పుతాను, ఈసారి వెనక్కి పోతుంది. ఆ సాయంత్రం తీసిన నలభై ఫొటోల్లో కళ్ళ దగ్గర ఫోకస్ కుదిరినవి మూడు. చెవులు మాత్రం చాలావాటిలో బ్రహ్మాండంగా వచ్చాయి.

1000డి చేతికొచ్చాక దానికీ ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 తెచ్చాను, రెండో తరానిది. ఒళ్ళంతా ప్లాస్టిక్, చివరికి మౌంటు కూడా. బరువు 130 గ్రాములు. ఫోకస్ చేసేటప్పుడు జర్రుమని చప్పుడు చేస్తుంది. కానీ చేస్తుంది! కెనాన్ ఈఎఫ్ లెన్సులన్నిటికీ మోటార్ లోపలే ఉంటుంది కాబట్టి, ఎంత చిన్న బాడీకి పెట్టినా ఆటోఫోకస్ పనిచేస్తుంది. మసక వెలుతురులో కాస్త అటూ ఇటూ వెతుక్కుంటుంది. అప్పుడు మధ్య పాయింట్ ఒక్కటే పెట్టుకుంటే దారికొస్తుంది. పిల్లలు, పెంపుడు జంతువులు, సాయంత్రం వేళ ఇంట్లో మనుషులు ఇవే మీ ఫొటోలైతే ఇంక ఆలోచించకుండా 1000డి తీసుకోండి. నికాన్ తర్వాత 2009లో 35 ఎంఎం ఎఫ్/1.8, 2011లో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుల్ని మోటారుతో సహా తెచ్చింది. డి40 కొనేవాళ్ళు బాడీతో పాటు వాటిలో ఒకదాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. నేనూ చివరికి ఆ 35 తెచ్చుకున్నాను. ఇప్పుడు డి40 నుంచి అది విప్పిన రోజే లేదు.

ఇంతవరకూ చదివితే కెనాన్ గెలిచినట్టే కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోకి రండి, లెక్క మారిపోతుంది.

ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు మనిషిని తీస్తే కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. వాటిని పోగొట్టాలంటే పట్టపగలే ఫ్లాష్ వెయ్యాలి. ఇక్కడ అడ్డొచ్చేది ఫ్లాష్‌తో కలిసి పనిచెయ్యగల అత్యధిక షట్టర్ వేగం. 1000డికి అది 1/200 సెకను, డి40కి 1/500. డి40లో ఎక్కువ వేగాల దగ్గర వెలుగు ఎంతసేపు పడాలో చూసేది షట్టర్ తెర కాదు, సీసీడీ సెన్సారే ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఆ పని చేస్తుంది, అందుకే అంత వేగం కుదిరింది. దీనివల్ల ఏమొస్తుందో అంకెల్లోనే చెబుతాను. మండుటెండలో 1000డిని ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుకి ఎంత చురుకో చెప్పే అంకె) 100, 1/200 దగ్గర పెడితే అపర్చర్ ఎఫ్/11కి మూసుకోవాలి. బిల్టిన్ ఫ్లాష్ గైడ్ నంబర్ (ఫ్లాష్ బలం చెప్పే అంకె) 13. పదమూడుని పదకొండుతో భాగించండి: ఫ్లాష్ వెలుగు పూర్తిగా అందేది 1.2 మీటర్ల దాకా, అంటే చెయ్యి చాపితే తగిలేంత దూరం. డి40 కనీస ఐఎస్ఓ 200. 1/500 దగ్గర అపర్చర్ ఎఫ్/10 చాలు. ఐఎస్ఓ 200లో ఫ్లాష్ గైడ్ నంబర్ 17. అంటే 1.7 మీటర్లు. అరమీటరే కదా అనిపిస్తుంది. నడుము పైనుంచి మనిషిని తియ్యడానికి సరిగ్గా ఆ అరమీటరే కావాలి. బయట మిట్టమధ్యాహ్నం గ్రూపు ఫొటో అడిగితే ఇప్పటికీ నా చెయ్యి డి40 మీదికే పోతుంది. మా అన్నయ్య దగ్గరున్న పెద్ద కెమెరా కూడా ఫ్లాష్‌తో 1/250 దాటదు. ఆ సంగతి వీలు దొరికినప్పుడల్లా గుర్తుచేస్తుంటాను.

ఆ పద్ధతికి ఒక మూల్యం ఉంది. అదే వేగాల్లో సూర్యుణ్ణి నేరుగా ఫ్రేములోకి తెస్తే, ఒక్కోసారి పైనుంచి కిందికి నిలువుగా తెల్లటి చార పడుతుంది. సూర్యుణ్ణి ఒక కొమ్మ చాటుకో, గోడ చాటుకో తోస్తే పోతుంది.

సీసీడీ అనగానే "ఆ రంగులే వేరు" అనేవాళ్ళు చాలామంది. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఒకరోజు పట్టుబట్టి, కిటికీ పక్కన ఒక ఎర్ర దుప్పటి, పచ్చ ఆకులున్న కుండీ, నా చెయ్యి పెట్టి, రెండు కెమెరాలతో రా ఫైళ్ళు (కెమెరా వండని ముడి ఫొటోలు) తీశాను. కంప్యూటర్లో వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనబడేలా చేసే సర్దుబాటు) ఒకటే చేసి, కాంట్రాస్ట్ సరిచేసి, పేర్లు తీసేసి ఇంట్లోవాళ్ళకి చూపించాను. ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. మర్నాడు నాకే పేర్లు తీసి చూపిస్తే నేనూ తప్పే చెప్పాను. కెమెరాయే వండి ఇచ్చే జేపెగ్‌లు మాత్రం వేరుగా ఉంటాయి, ఒప్పుకుంటాను. డి40 జేపెగ్‌లు పెట్టెలోంచి తీసింది తీసినట్టే కాస్త హుషారుగా, ముదురుగా వస్తాయి. 1000డి మామూలు స్టయిల్లో ఒంటి రంగులు మెత్తగా ఉంటాయి. అది కంపెనీలు వేసిన వంటకం, సెన్సార్ మాయ కాదు.

డి40తో ఎండలో ఎక్స్‌పోజర్ కొంచెం ఎక్కువ పడి మబ్బులు తెల్లగా పోతుంటాయి. అందుకని నేను ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోని కావాలని ముదురుగానో లేతగానో చేసే సర్దుబాటు) -0.7 దగ్గర పెట్టి మర్చిపోతాను. స్టేజీ మీద లైటు మొహానికి మాత్రమే పడుతూ చుట్టూ చీకటున్నప్పుడు దీని స్పాట్ మీటరింగ్ (చుక్కంత చోట మాత్రమే వెలుగు కొలవడం) బాగా ఆదుకుంటుంది. 1000డిలో స్పాట్ మీటరింగ్ లేదు. చిన్న భాగాన్ని కొలవాలంటే ఫ్రేములో పదోవంతుని కొలిచే పార్షియల్ ఒకటే ఉంది. మొహం చిన్నగా ఉంటే ఆ పదోవంతులోకి చీకటి కూడా వచ్చి చేరుతుంది, మొహం తెల్లగా కాలిపోతుంది.

ట్రైపాడ్ వేసిన పనైతే మళ్ళీ కెనాన్‌దే. పొద్దున్నే సాలెగూడు మీది మంచుబిందువుల్ని తీసేటప్పుడు లైవ్ వ్యూ పెట్టి, ఒక్క బిందువుని పదిరెట్లు పెద్దది చేసి, రింగుని వెంట్రుకవాసి తిప్పుతూ ఫోకస్ చేసేవాణ్ణి. డి40లో ఆ బిందువుని వ్యూఫైండర్‌లోంచే చూడాలి, అందులో అది ఆవగింజంత. పైగా 1000డిలో అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే సదుపాయం ఉంది, వైరు రిమోట్ పెట్టుకోవచ్చు. డి40కి వైరు రిమోట్ పట్టదు. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ పనిచేస్తుంది గానీ, దాన్ని అందుకునే కన్ను కెమెరా ముందువైపుంది. ట్రైపాడ్ వెనక నిలబడి చెయ్యి ముందుకి చాపి, వేళ్ళు ఫ్రేములో పడకుండా నొక్కడం ఒక విద్య. రెండిట్లోనూ కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు ముందుభాగం ఫోకస్‌తో పాటు తిరుగుతుంది, పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టరు) వాడేవాళ్ళు ఫోకస్ అయ్యాకే దాన్ని తిప్పుకోవాలి.

సెన్సార్ మీది దుమ్ము సంగతి. 1000డి ఆన్ చేసినప్పుడూ ఆఫ్ చేసినప్పుడూ తనే దులుపుకుంటుంది. డి40కి ఆ అలవాటు లేదు. రబ్బరు బల్బు బ్లోయర్‌తో నేనే ఊదాలి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. ఎలా తెలుసని అడక్కండి.

బ్యాటరీలు రెండూ ఇప్పటికీ ఒక రోజంతా తిరగడానికి చాలు. బ్రాండ్ లేని బ్యాటరీ ఒకటి కొని ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. ఆరునెలలకి అది ఉబ్బి డి40 అరలో ఇరుక్కుపోయింది. టేపు ముక్క అంటించి, మెల్లగా ఊపుతూ, గంటసేపు లాగితే గానీ రాలేదు. మెమొరీ కార్డు విషయంలో రెండూ పాతకాలం మనుషులే. 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డు పెట్టండి, అంతకన్నా పెద్దది పెట్టి పేచీ కొనితెచ్చుకోవద్దు. ఆరు మెగాపిక్సెళ్ళ ఫొటోలకి 8 జీబీయే ఎక్కువ.

వాడిన బాడీ కొంటుంటే ఒక్క పని చెయ్యండి: లెన్సు అపర్చర్ ఎఫ్/22కి మూసి, ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్ని తియ్యండి. దుమ్మూ మరకలూ ఉంటే నల్లటి మచ్చలుగా తేలతాయి. తర్వాత టార్చి వేసి లెన్సు లోపలికి చూడండి, సాలెపోగుల్లాంటి బూజు ఉంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. డి40 అయితే షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఫొటో ఫైల్లోనే రాసి ఉంటుంది, చదివే ప్రోగ్రాములు తేలిగ్గా దొరుకుతాయి. 1000డి ఫైల్లో ఆ అంకె ఉండదు. కెమెరాని కంప్యూటర్‌కి కలిపి వేరే సాఫ్ట్‌వేర్‌తో తవ్వుకోవాలి.

పోయిన నెల, ఒకప్పుడు ఫోకస్‌కి అందకుండా పరుగులెత్తిన అన్నయ్య కూతురు వచ్చి, ఫొటోలు నేర్చుకుంటాను, ఒక కెమెరా ఇమ్మంది. నేర్చుకునేవాళ్ళకి ఏది మంచిదని పెద్దగా ఆలోచించలేదు. ఆ ప్లాస్టిక్ 50 లెన్సుతో సహా 1000డి ఇచ్చాను, డి40 నా దగ్గరే పెట్టుకున్నాను. అన్నయ్య ఇంటి నుంచి వచ్చిన కెమెరా అన్నయ్య ఇంటికే చేరింది. వారం తిరక్కుండా ఫోన్ చేసింది.

"బాబాయ్, ఇందులో వీడియో బటన్ ఎక్కడుంది?"

"లేదమ్మా."

"మరి నీ దగ్గరున్నదాంట్లో?"

"అందులో అసలు తెర మీద బొమ్మ కూడా రాదు, కన్ను పెట్టి చూడాలి."

కాసేపు చప్పుడు లేదు. "సరేలే, ఇదే ఉంచుకుంటా" అంది.