మొదటి ఓడ ఫిరంగి తూటా కేసు: హాచ్‌కిస్ మేలా, బోఫోర్స్ మేలా?

సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాల్సిన పాలమూరులో ఓడ ఫిరంగి తూటాల మీద మోజేమిటని చాలామంది అడుగుతారు. మహబూబ్‌నగర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో బిందెల పక్కన పూలకుండీలా నిలబెట్టిన ఇత్తడి గొట్టాన్ని తిప్పి చూసిన రోజే నాకా మోజు పట్టుకుంది. అడుగున చుట్టూ అంకెలు, అక్షరాలు, మధ్యలో పిన్ను కొట్టిన సొట్ట. మొదటి ఖాళీ కేసు, అంటే తూటాలో మందు నింపే ఇలాంటి గొట్టం, కొనేవాళ్లకు ఎక్కువగా వచ్చే సందేహం, పాత హాచ్‌కిస్ ఫిరంగిదా, తర్వాతి బోఫోర్స్ ఫిరంగిదా అని.

1880లలో టార్పెడో పడవలు పెద్ద యుద్ధనౌకలకు టెన్షన్ తెచ్చిపెట్టాయి. వాటిని దగ్గరికి రానీయకుండా గబగబా కాల్చే ఫిరంగులు కావాల్సి వచ్చాయి. హాచ్‌కిస్ కంపెనీ 47, 57 మిల్లీమీటర్ల రకాలు (ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు) ఆ పని కోసమే పుట్టాయి. బ్రిటిష్ నేవీ వీటిని గుండు బరువును బట్టి మూడు పౌండ్లది, ఆరు పౌండ్లది అని పిలిచేది. 47 కేసు పొడవు 376 మిల్లీమీటర్లు. 57ది లావు ఎక్కువే కానీ పొడవు 307 మాత్రమే. పొడుగ్గా ఉన్నదే పెద్ద ఫిరంగిదనుకుంటే ఇక్కడే పొరపడతాం. పైగా 57 రకం 1916లో బ్రిటిష్ ట్యాంకుల్లోకీ ఎక్కింది. అడుగున ఆ కాలపు సంవత్సరం ఉంటే అది ఓడదేనని గట్టిగా చెప్పలేం.

40 మిల్లీమీటర్ల బోఫోర్స్ స్వీడన్‌ది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల మీద కాల్చారు. ఈ కేసులు ఎక్కువగా, తక్కువ ధరకు దొరుకుతాయి. చిక్కేమిటంటే నేల మీది ఫిరంగులకూ ఇదే తూటా. అమెరికాలో చేసినదైతే అడుగున ‘ఎంకే 2’ ఉంటే నేవీది, ‘ఎం25’ ఉంటే ఆర్మీది. ఇంకో జాగ్రత్త: పాంపాం అనే బ్రిటిష్ ఫిరంగి కేసు కూడా 40 మిల్లీమీటర్లదే. బోఫోర్స్ పొడవు 311, పాంపాంది 158. మూతి ఒక్కటే కొలిచి పేరు పెట్టకండి. అయస్కాంతం అంటుకుంటే నకిలీ అనుకోవద్దు, స్టీలు కేసులూ చేశారు.

నా ఓటు మాత్రం 47కే, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. బ్రిటిష్ కేసుల మీద ‘సిఎఫ్’ అంటే కార్డైట్ మందు పూర్తిగా నింపారని. ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపినప్పుడల్లా మరో ముద్ర పడేది. అలాంటి అడుగును భూతద్దం పెట్టుకుని ఒక సాయంత్రమంతా చదువుకోవచ్చు. బోఫోర్స్ అడుగు ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రైమర్ (అడుగు మధ్యలో మందు అంటించే భాగం) మీద సొట్ట లేకపోయినా, పైన గుండు బిగించి ఉన్నా బేరం ఆడకండి, చేయి పెట్టకండి, 100కు ఫోన్ చేయండి. 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అన్న మాటలోకి దాని భాగాలూ వస్తాయి. కాబట్టి ఖాళీదైనా కొనేముందు స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి.

ఇంటికి తెచ్చాక అమ్మ చేతికి మాత్రం ఇవ్వకండి. మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చింతపండు, ఇటుక పొడి సిద్ధం. పులుపుకు ఏళ్ల నాటి నలుపు పోతుంది, పొడికి సన్నటి అక్షరాల అంచులు అరిగిపోతాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తటి పాత చీర ముక్క చాలు. వెంటనే పొడిగా తుడిచి, గాలి తగిలేలా పడుకోబెట్టండి.