సైక్లాప్స్ జట్టా, రోగ్ జట్టా?

మా బరంపురంలో కామిక్స్ పిచ్చోళ్లం తక్కువే, వాదన మాత్రం గట్టిగా సాగుతోంది. మార్వెల్ వాళ్ల సూపర్‌హీరో కామిక్స్‌లో 2024 జులైలో వచ్చిన ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచిక మేలా, ఆగస్టులో వచ్చిన ‘అన్‌కానీ ఎక్స్‌మెన్’ మొదటి సంచిక మేలా?

జెడ్ మెకే రాసిన మొదటిదానిలో సైక్లాప్స్ జట్టు అలాస్కాలోని పాత సెంటినెల్ (ఎక్స్‌మెన్‌లాంటి శక్తులున్నవాళ్లను వేటాడే రోబో) ఫ్యాక్టరీలో మకాం పెడుతుంది. యాక్షన్ పక్కా. మనసుకే పట్టదు.

గెయిల్ సిమోన్ రాసిన రెండోది నెమ్మది. రోగ్, గాంబిట్, వుల్వరిన్ గూడు చెదిరినవాళ్లు, చివరికి లూసియానాయే దిక్కు. డేవిడ్ మార్కెజ్ గీసిన ముఖాల్లో ఆ దిగులంతా తెలుస్తుంది. గాంబిట్ ఇంగ్లిష్‌లో ఫ్రెంచ్ కలిపేస్తుంటే, తెలుగులో ఒడియా కలిపేసే మా వీధి కుర్రాళ్లే గుర్తొచ్చారు (వాళ్లకి గాంబిట్‌లా పేకముక్కలు పేల్చడం రాదనుకోండి!).

నా ఓటు రోగ్‌కే. ఫైటింగులే కావాలంటే సైక్లాప్స్‌ది చదవండి.