బరంపురం పెట్ షాపు: పిట్టలు బాగున్నాయి, హామ్‌స్టర్ దగ్గరే దెబ్బ తిన్నాం

మాది పర్లాకిమిడి. చిలక కావాలని మా పాప ఆరు నెలలుగా ఒకటే పేచీ. రామచిలకను పంజరంలో పెడితే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కదా, అందుకని ఆస్ట్రేలియా బడ్జీలు (మన దగ్గర అందరూ లవ్ బర్డ్స్ అనేస్తారు, అసలు లవ్ బర్డ్ వేరే జాతి) కొందామని బరంపురం వెళ్తే, అక్కడ ఓ మూల ఉండల్లా ముడుచుకుని పడుకున్న, ఎలుకల్లాంటి హామ్‌స్టర్లు పాప కంట పడ్డాయి. ఇంకేముంది, రెండూ కొన్నాం.

పిట్టల సంగతి షాపాయనకి బాగా తెలుసు. ముక్కు పైభాగం నీలంగా ఉంటే మగది, గోధుమ రంగైతే ఆడది అని చూపించి మరీ జత ఇచ్చాడు. మేతకి సంతలో కొర్రలు, కాల్షియానికి సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకే ఇవి చచ్చిపోతాయని మాత్రం చెప్పలేదు, తర్వాత తెలిసి పంజరాన్ని వంటింటి గుమ్మం నుంచి వరండాలోకి మార్చాను. తెల్లారితే కిచకిచలు, రాత్రి గుడ్డ కప్పితే నిద్ర, ఏ గొడవా లేదు.

హామ్‌స్టర్ని మాత్రం "ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటుంది సార్, జంటగా తీసుకోండి" అని అంటగట్టాడు. ఈ సిరియన్ రకం పెద్దయ్యాక పక్కన ఇంకోదాన్ని ఉండనివ్వదు. మూడో వారంలో ఒకదాని చెవి చిరిగి, రాత్రికి రాత్రి రెండో బోను కోసం పరుగెత్తాను. ఫోన్ చేస్తే "అవే సర్దుకుంటాయి" అన్నాడు, వెనక్కి తీసుకోలేదు. పైగా పగలంతా నిద్ర, పాప పడుకున్నాక లేచి చక్రం మీద ఒకటే తిరుగుడు, బుగ్గల్లో గింజలు కుక్కుకోవడం ముచ్చటగానే ఉంటుంది కానీ చూసేది నేను! పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి కొరకడానికి చెక్క ముక్క వేయకపోతే బోనే కొరికేస్తుంది. మన ఎండలు దానికి అసలు పడవు, మే నెలంతా టెన్షనే. ఇంతా చేస్తే బతికేది రెండు మూడేళ్ళు, బడ్జీలైతే బాగా చూసుకుంటే ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. ఈ మాట పాపకి ఇంకా చెప్పలేదు.

షాపు శుభ్రంగా ఉంది, తెలుగు మాట్లాడతారు, బేరమాడితే తగ్గిస్తారు. 5కి 3. పిట్టలకైతే వెళ్ళండి. హామ్‌స్టరే కావాలంటే ఒక్కటే కొనండి, అదీ చీకటి పడ్డాక వెళ్ళండి, పగలు అన్నీ పడుకునే ఉంటాయి, ఏది హుషారుగా ఉందో ఏది జబ్బుపడిందో తెలీదు.