అకాలిస్ జెన్షియన్ కొనాలా, వెర్నా కొనాలా?

రెండూ జెన్షియన్ అనే పూల మొక్కలో రకాలే, రెండూ ఆల్ప్స్ కొండల మొక్కలే, రెండూ నీలమే, కానీ పక్కపక్కన పెడితే పోలికే ఉండదు. అకాలిస్ పువ్వు బాకాలా 5 సెంటీమీటర్ల దాకా ఉంటది, లోపలికి తొంగి చూస్తే గొంతులో ఆకుపచ్చ చుక్కలు, మొక్కేమో నేలకి అతుక్కుని పరుచుకుంటది, ఏళ్ల తరబడి బతుకుతది, కాకపోతే కొన్ని తోటల్లో ఎంత చూసుకున్నా మొండికేసి పువ్వే పుయ్యదు, అదో తలనొప్పి. వెర్నా చాలా చిన్నది, విచ్చుకున్న ఐదు రేకులు, మధ్యలో తెలుపు, సున్నపురాయి నేలంటే ఇష్టం, ఐర్లాండ్‌లో బరెన్ అనే చోట రాళ్ల మధ్య కూడా పూస్తది. రంగులో మార్కులు దీనికే, కానీ తోటలో ఎక్కువ కాలం నిలవదు. నీళ్లు నిలిస్తే రెండూ ఔట్. యూకేలో ఉండి కొత్తగా రాక్ గార్డెన్ (రాళ్ల మధ్య మొక్కలు పెంచే తోట) పెట్టేవాళ్లకి నేనైతే అకాలిసే చెప్తా, హైదరాబాద్ ఎండల్లో మాత్రం దేన్నీ ట్రై చెయ్యకండి బాబూ.